మీరడిగారు: మా ఊరి పాత టాకీసు వయసెంత?

పోయిన నెల ఈ పేజీలో టూరింగ్ టాకీసుల మీద నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఉత్తరాలూ మెయిళ్లూ వాట్సాప్ మెసేజీలూ కలిపి గంపెడు వచ్చి పడ్డాయి. వాటిలో సగం "మా ఊరి హాలే అన్నిటికంటే ముందుది" అనే తగువులు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి పేజీ మొత్తం పాత సినిమా హాళ్లకే ఇచ్చేశాను. ఆవకాయ బూజు పట్టకుండా ఏం చేయాలని అడిగిన ముగ్గురూ వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా ఊళ్లో మెయిన్ రోడ్డు మీద ఒక పాత టాకీసు ఉంది. మూతపడి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు పడగొట్టి ఫంక్షన్ హాలు కడతారట. ఆ లోపు దాని చరిత్ర రాసి పెడదామని నేనూ నా స్నేహితులూ అనుకున్నాం. కానీ ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతున్నారు. మా తాతయ్య అక్కడ మూకీ సినిమాలు చూశానంటాడు, ఓనరు గారి మనవడు 1948లో కట్టారంటాడు. లోపలికి వెళ్లి చూసుకోమన్నారు. ఏం చూడాలో చెప్పండి.
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు తాతయ్య గారి సంగతి తేల్చేద్దాం. ఆయన వయసు మీరు రాయలేదు. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది 1932లో, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మూకీలు మూలపడ్డాయి. అంటే మూకీ చూసి గుర్తుపెట్టుకున్న మనిషి ఇవాళ నూరేళ్లకు దగ్గర పడి ఉండాలి. అంత లేదంటే ఆయన అబద్ధం చెబుతున్నట్టు కాదు, సౌండు పోయిన రోజు ఏదో ఆట చూసి ఉంటాడు, లేదంటే వాళ్ల నాన్న చెప్పిన ముచ్చట వినీ వినీ తనదే అనుకుంటున్నాడు. మా ఇంటికి మొదటిసారి కరెంటు వచ్చిన సాయంత్రం నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. తీరా లెక్కేస్తే అప్పటికి నేను పుట్టనే లేదు.

కాబట్టి మనుషుల్ని తర్వాత అడుగుదురు గాని, ముందు గోడల్ని చూడండి. గోడలకి మతిమరుపు లేదు.

హాల్లోకి కాదు, ముందు వెనక దొడ్లోకి వెళ్లండి. అక్కడ విడిగా ఒక చిన్న గది, అందులో మోకాలెత్తు దిమ్మ, దిమ్మలోంచి పైకి లేచిన లావుపాటి బోల్టులు, జిడ్డు ఇంకి నల్లబడ్డ గచ్చు కనిపించాయా? అది ఆయిలింజను గది. ఊరికి కరెంటు రాకముందు ఆ ఇంజనే డైనమోని తిప్పేది, దాంతోనే బొమ్మ చూపించే మిషను, అంటే ప్రొజెక్టరు, ఆడేది. కరెంటు వచ్చాక కూడా అది పోయినప్పుడు పనికొస్తుందని చాలాచోట్ల ఉంచుకున్నారు, కాబట్టి గది ఉన్నంత మాత్రాన తేదీ తేలదు. అయితే ఆ గది ఇటుకా హాలు ఇటుకా ఒకే సైజువైతే, మీ ఊరికి కరెంటు ఏ సంవత్సరం వచ్చిందో కనుక్కోండి. హాలు అంతకు ముందుదై ఉండే అవకాశం గట్టిగా ఉంది.

ఇక మేడ మీద ఆపరేటర్ రూము. దాని కథ కింద వేరే ప్రశ్నలో ఉంది, ఇక్కడ ఒక్కటి చెబుతాను. హాల్లోకి తెరిచిన కంతలు లెక్కపెట్టండి. ఒక్కో మిషనుకి రెండు కావాలి, ఒకటి వెలుగు పోవడానికి, రెండోది ఆపరేటరు తొంగి చూడ్డానికి. రెండే ఉంటే హాలు ఒంటి మిషనుతో మొదలైంది, రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేసి, ఇంకో రీలు ఎక్కించి, మళ్లీ ఆర్పేవాళ్లు. నాలుగు ఉంటే రెండు మిషన్లు. రెండు పాతవి, రెండు తర్వాత గోడ తొలిచి చేసినవి అయితే సిమెంటు అతుకు కనబడుతుంది. ఫోటో తీసుకోండి.

తర్వాత తెర దగ్గరకి. తెర ముందు చెక్క స్టేజీ, పక్కన రెండు ఇరుకు గదులు ఉన్నాయనుకోండి, మీ టాకీసు పుట్టుక నాటకాల హాలుగా. మన ఊళ్లలో ఇలాంటివి బోలెడు. పద్యనాటకాలకి కట్టిన హాల్లో అప్పుడప్పుడు సినిమా ఆడించి, డబ్బులు ఇందులోనే బాగున్నాయని తేలాక పూర్తిగా సినిమాకి మారిపోయినవి. ఆ ఇరుకు గదులు మేకప్ గదులు. తెర వెనక మూడు నాలుగడుగుల ఖాళీ ఉందా అనేది కూడా చూడండి, ఎందుకంటే టాకీ వచ్చాక స్పీకర్లు తెర వెనక పెట్టారు, తెరకి సన్నటి బెజ్జాలు పొడిచి శబ్దం అందులోంచి వచ్చేట్టు చేశారు. ఖాళీ లేకుండా తెర గోడకి అంటుకుని ఉంటే, లేదా గోడకే సున్నం కొట్టి తెరగా వాడి ఉంటే, అప్పుడు మీ తాతయ్యకి క్షమాపణ చెప్పుకోవాల్సి వస్తుందేమో.

అన్నిటికంటే నాకు ఇష్టమైన గుర్తు ఇంకోటుంది. తెరకి అటూ ఇటూ ఉండే గోడ అంచులు చూడండి. పాత తెర దాదాపు చదరంగా ఉండేది, నాలుగు వంతుల వెడల్పుకి మూడు వంతుల ఎత్తు. 1974లో తెలుగులో మొదటి సినిమాస్కోప్ సినిమా 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది. అది ఆడాలంటే తెర వెడల్పు కావాలి. డబ్బున్నవాళ్లు స్టేజీ కమాను రెండు వైపులా పగలగొట్టి తెర సాగదీశారు. లేనివాళ్లు ఉన్న తెర మీదే పైనా కిందా నల్లగుడ్డ కట్టి బొమ్మని సన్నం చేసి చూపించారు. ఆ పగలగొట్టిన అంచుల్లో పాత రంగులు పొరలు పొరలుగా బయటపడి ఉంటాయి. ముందు నీలం, దాని కింద గులాబీ, దాని కింద సున్నం. మా అమ్మమ్మ గారి ఊరి హాల్లో ఆ అంచులోంచి ఒక ప్లాస్టర్ నెమలి తోక సగం బయటికి వచ్చి ఉండేది, మిగతా నెమలి స్కోప్‌కి బలైపోయింది.

పైకప్పు ఉక్కు దూలాలు కూడా వదలకండి. టార్చి వేసి చూస్తే కొన్నిటి మీద తయారుచేసిన కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది, టాటా అనో ఏదైనా ఇంగ్లాండు కంపెనీ పేరో.

ఇప్పుడు కాగితాలు. సినిమా హాలుకి 'ఫారం బి' లైసెన్సు ఉండాలి, 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద, 1970 నాటి రూల్స్ ప్రకారం ఇచ్చేది. దాన్ని రెన్యువల్ చేసినప్పుడల్లా బిల్డింగు గట్టిగా ఉందని ఆర్ అండ్ బి ఇంజనీరు, వైరింగు బాగుందని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్లు ఇవ్వాలి. ఓనరు గారి బీరువాలో ఆ ఫైలు తప్పకుండా ఉంటుంది, అందులో హాలు ప్లాను బ్లూప్రింటు దొరికితే మీ పంట పండినట్టే. మున్సిపాలిటీలో ఇంటి పన్ను రిజిస్టర్లు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత దస్తావేజులు చూడండి. ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేసి పెట్టిన పాత పత్రికల్లో సినిమా ప్రకటనలుంటాయి, "ఈ క్రింది కేంద్రములలో" అని ఊళ్ల పేర్లతో, హాళ్ల పేర్లతో.

1948 అని మనవడు చెప్పింది కూడా ఒట్టి మాట కాకపోవచ్చు. అది లైసెన్సు మీదున్న తేదీ అయి ఉంటుంది. అంతకు పదేళ్ల ముందు నుంచే ఆ గోడలు నాటకాల హాలో ధాన్యం గోదామో అయి ఉండొచ్చు. కట్టిన తేదీ వేరు, సినిమా మొదలైన తేదీ వేరు, టాకీసు అని బోర్డు పెట్టిన తేదీ వేరు. మూడూ విడివిడిగా రాసుకోండి, సగం తగువులు తీరిపోతాయి.

ప్రశ్న: ఆంధ్రలో మొట్టమొదటి సినిమా హాలు ఏది? మా టీ కొట్టు దగ్గర పందెం పడింది. ఒకాయన బెజవాడ అంటున్నాడు, ఒకాయన మద్రాసు గెయిటీ అంటున్నాడు.
— ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: ఇద్దరికీ చెరో టీ ఇప్పించండి.

గెయిటీ కట్టింది మన బందరాయనే. రఘుపతి వెంకయ్య, 1869లో మచిలీపట్నంలో పుట్టాడు, మద్రాసు వెళ్లి ఫోటో స్టూడియో పెట్టాడు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే మిషను తెప్పించి, బొమ్మకి జతగా గ్రామఫోను లాంటి దాంట్లో శబ్దం వినిపిస్తూ చిన్న చిన్న సినిమాలు చూపించాడు. ఆ సామాను వేసుకుని తెలుగు ఊళ్లే కాదు, బర్మా, సిలోను కూడా తిరిగాడు. తర్వాత 1914లో మద్రాసు మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ కట్టాడు. మద్రాసులో మనవాళ్లు సొంతంగా కట్టుకున్న మొదటి హాలు అదే, అంతకు ముందువి దొరలవి. అలాంటి ఎలక్ట్రిక్ థియేటర్ అనే హాలు బిల్డింగు ఇప్పటికీ మౌంట్ రోడ్డు పోస్టాఫీసు ఆవరణలో ఉంది, స్టాంపులు సేకరించేవాళ్ల కోసం తపాలా వాళ్లు వాడుకుంటున్నారు. గెయిటీకి ఆ అదృష్టం లేదు, పడగొట్టేశారు.

ఇక ఇప్పటి ఆంధ్ర నేల మీద మొదటిదంటే బెజవాడ మారుతీ టాకీస్ పేరే చెబుతారు. పోతిన శ్రీనివాసరావు గారు 1921లో కట్టించారు. అదే ఏడు వెంకయ్య గారి అబ్బాయి ప్రకాష్ 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ తీశాడు, అంటే సినిమా తీయడమూ సొంత నేల మీద హాలు కట్టడమూ మనవాళ్లు ఒకే ఏడాది మొదలుపెట్టినట్టు లెక్క. అప్పటి బెజవాడ ఇప్పటి విజయవాడ కాదు, రైలు జంక్షనూ కాలవలూ ఉన్న ఓ మాదిరి టౌను. బండ్లు కట్టుకుని వచ్చి సినిమా చూసి, రాత్రికి సత్రంలో పడుకుని పొద్దున్నే వెళ్లే జనం ఉన్నచోటే పర్మనెంట్ హాలు నిలబడుతుంది. వారం వారం కొత్త జనం దిగాలి కదా. అంత రాకపోకలు లేని ఊళ్లకి డేరా హాళ్లే దిక్కు.

అయితే 'మొదటి' అనే మాట దగ్గర జాగ్రత్త. 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని మనం ఏళ్ల తరబడి రాసుకున్నాం, ఆ రోజున సభలు కూడా చేసుకున్నాం. తర్వాత పాత్రికేయుడు రెంటాల జయదేవ గారు సెన్సారు కాగితాలూ పాత పత్రికలూ తవ్వి, అది బొంబాయి కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని తేల్చారు. అంత పెద్ద సినిమా పుట్టినరోజే ఎనభై ఏళ్ల దాకా తప్పుగా ఉంటే, మన ఊరి హాలు సంగతి చెప్పేదేముంది.

ప్రశ్న: పాత హాళ్లలో ఆపరేటర్ రూముకి అంత లావు గోడలు, ఇనప తలుపులు ఎందుకు? అదేమన్నా బ్యాంకా? ఇంకోటి, పాత సినిమాల్లో తెర కుడివైపు పైన ఒక చుక్క తళుక్కుమని పోతుంది, అది ఫిల్ము పాడైపోవడమా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, నంద్యాల

జవాబు: బ్యాంకు కాదు బాబూ, మందుగుండు కొట్టు. 1950ల మొదటి దాకా వాడిన ఫిల్ము నైట్రేటుది. అది అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, మండుతూ తనకి కావలసిన ఆక్సిజన్ తనే పుట్టించుకుంటుంది. దాని పక్కనే కార్బన్ ఆర్క్ లైటు, రెండు కార్బన్ పుల్లల మధ్య నిప్పు వెలుగు. అందుకని నిప్పు అంటుకున్నా గదిలోనే ఆగిపోయేలా గోడలు కట్టారు, ఆపరేటరు హాల్లోకి రాకుండా నేరుగా బయటికి దిగిపోయేలా విడిగా మెట్లు పెట్టారు. కంతల మీద రేకు మూతలుంటాయి, తీగతో పైకి లాగి కట్టి. ఆ తీగ మధ్యలో తొందరగా కరిగే లోహం ముక్క ఒకటి. వేడి తగలగానే అది కరిగి తీగ వదిలేస్తుంది, మూతలు టపటపా పడిపోతాయి. కింద కూర్చున్న జనానికి మంట కనిపించదు, తొక్కిసలాట ఉండదు. కరెంటు లేదు, సెన్సర్ లేదు, ఒక సీసం లాంటి ముక్క అంతే. ఇంజనీరింగ్ చదువుతున్నారు కాబట్టి ఒకసారి వెళ్లి చూసి రండి, ఇంకా కొన్నిచోట్ల ఉన్నాయి.

మా మేనమామ ఇరవై ఏళ్లు ఆపరేటరు. కార్బన్ పుల్లలు కాలేకొద్దీ మధ్య దూరం పెరిగి వెలుగు ఎర్రబడేది, ఆయన నల్ల అద్దంలోంచి చూస్తూ మర తిప్పి దగ్గరకి జరిపేవాడు. కునుకు పట్టిందా, తెర మీద హీరోయిను పసుపురంగుకి తిరిగేది, నేల నుంచి "ఒరేయ్ కార్బనూ" అని కేక లేచేది. మిగిలిపోయిన పుల్లముక్కల కోసం మేం పిల్లలం మెట్ల కింద కాపు కాసేవాళ్లం. పైన రాగిపూత ఉండేది, గోడల మీద రాసుకోవడానికి బొగ్గు కంటే నల్లగా పడేది.

చుక్క సంగతి. ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది. మూడు గంటల సినిమా అంటే 16,200 అడుగులు, దాదాపు అయిదు కిలోమీటర్లు. అంత పొడుగు ఒక్క చక్రానికి చుట్టలేరు, రెండువేల అడుగుల రీలు పెట్టినా ఇరవై రెండు నిమిషాలే వస్తుంది. అది అయిపోయేలోపు రెండో మిషన్ని సిద్ధంగా ఉంచుతారు. మొదటి చుక్క పడగానే రెండో మిషను మోటారు వేయాలి, ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క పడుతుంది, అప్పుడు ఇటు వెలుగు మూసి అటు తెరవాలి. చేయి తిరిగిన ఆపరేటరు చేస్తే రీలు మారినట్టే తెలియదు. మా మామయ్య ఇంట్లో టీవీలో పాత సినిమా వస్తున్నా చుక్క పడగానే కుర్చీలో కాస్త ముందుకి జరిగేవాడు.

ప్రశ్న: మా ఊరి హాల్లో పక్క సందులో ఒక చిన్న కిటికీ ఉంది, చెయ్యి మాత్రమే పట్టేంత. అది ఆడవాళ్ల టికెట్టు కిటికీ అని అత్తయ్య అంటుంది. ఆడవాళ్లని వేరుగా కూర్చోబెట్టేవాళ్లా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ అత్తయ్య చెప్పింది నిజమేనమ్మా. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులుండేవి కదా, నేలనీ బెంచీనీ చాలా హాళ్లలో మధ్యకి విడదీసి ఒక పక్క ఆడవాళ్లకి ఇచ్చేవాళ్లు. అడ్డం నడుమెత్తు గోడో, వెదురు తడికో, కొన్నిచోట్ల ఒట్టి తాడో. హైదరాబాద్ వైపు పాత హాళ్లలో జనానా అని పూర్తిగా విడిగా ఉండేది. దారి వేరు, టికెట్టు కిటికీ వేరు, ఆ దారి తరచూ సందులోకి ఉండేది. కుర్చీ క్లాసుకి వచ్చే కుటుంబాలకి మాత్రం ఈ పట్టింపు లేదు, భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చునేవాళ్లు. డబ్బులు ఎక్కువ పెడితే మర్యాద దానంతటదే వస్తుందని మనవాళ్ల నమ్మకం కాబోలు.

ఒకసారి ఆ కిటికీ కంత అడుగు భాగాన్ని వేలితో తడిమి చూడండి. చెక్క అయితే అరిగి పల్లం పడి ఉంటుంది. మా అమ్మ ఆ కంతలో చెయ్యి పెట్టిందంటే ముందు గాజులు పైకి లాక్కుని చీర కొంగు చుట్టుకునేది, అయినా ఒకటో రెండో పగిలేవి. పండగ సినిమా పడ్డ మర్నాడు పొద్దున్న ఆ సందులో గాజుముక్కలు తుడవడానికి విడిగా మనిషిని పెట్టేవాళ్లు. గుర్తుంచుకోదగ్గ సంగతి ఇంకోటి, సినిమా పొడుగు ఎంతైనా ఆడవాళ్ల వైపు బాత్రూము లేని హాళ్లు లెక్కలేనన్ని. పాత రోజులు బంగారం అని రాసి పంపినవాళ్లలో ఒక్క ఆడమనిషీ లేదు ఎందుకో.

ప్రశ్న: ఆట మొదలయ్యే ముందు 'నమో వెంకటేశా' పాట వేసేవాళ్లు. అది రూలా?
— ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

జవాబు: రూలు కాదు, ఆనవాయితీ. ఘంటసాల గొంతులో ఆ పాట మొదలైందంటే తెర పైకి లేస్తుంది, మడతలు మడతలుగా, అంచుకి రంగుబల్బులు వెలుగుతూ. భక్తి సరే, పని కూడా ఉంది. బయట సోడా తాగేవాళ్లకి అది బెల్లు. రూలు అంటే ఆ తర్వాత వచ్చేది, ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల న్యూస్‌రీలు. 1948లో పెట్టిన ఆ ప్రభుత్వ సంస్థ తీసినవి ప్రతి హాలూ వేసి తీరాల్సి వచ్చేది. వరదలూ డ్యాములూ ప్రధానమంత్రి ప్రారంభోత్సవాలూ అయ్యేదాకా మగాళ్లు బీడీ పూర్తి చేసుకునేవాళ్లు.

ప్రశ్న: ఈ హాళ్లని టీవీయే చంపిందంటారు. మీరేమంటారు? మా నాన్న హాలు లీజుకి తీసుకుని నడిపి బాగా నష్టపోయాడు, అందుకని అడుగుతున్నాను.
— ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: టీవీ ఒక దెబ్బ కొట్టింది, ఒప్పుకుంటాను. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైనా, చిన్న ఊళ్లకి పాకేసరికి ఎనభైలు వచ్చాయి, 1987లో 'రామాయణ్' ఆదివారం పొద్దున్నే రోడ్లు ఖాళీ చేసేసింది. వీడియో పార్లర్లు ఇంకో దెబ్బ. అయినా తొంభైల్లో కూడా మన ఊళ్ల హాళ్లు ఆడాయి, హౌస్‌ఫుల్ బోర్డులు పడ్డాయి. నా లెక్కలో అసలు చంపింది ప్రింటు.

పాత పద్ధతి ఇలా ఉండేది. ప్రింటు, అంటే హాలుకి పంపే ఫిల్ము కాపీ, ఖరీదైనది, అందుకని కొన్నే తీసేవాళ్లు. అవి ముందు పెద్ద ఊళ్లలో, అంటే 'ఏ' సెంటర్లలో, ఆడాలి. అక్కడ యాభై రోజులో వందో అయ్యాక బి సెంటర్‌కి, గీతలు పడి అక్కడక్కడ తెగి అతికించిన తర్వాత సి సెంటర్‌కి వచ్చేది. మన ఊరి హాలుకి సినిమా పాతబడి వచ్చేది గాని, చవగ్గా వచ్చేది. పైగా అది హిట్టో ఫట్టో అప్పటికే తెలిసిపోయి ఉండేది. ఒక్కోసారి ఒకే ప్రింటుని పక్కపక్క ఊళ్ల రెండు హాళ్లు పంచుకునేవి, ఇక్కడ రీలు అవగానే సైకిల్ మీద అక్కడికి. సైకిల్ పంక్చరైతే అక్కడ జనం కుర్చీలు విరిచేవాళ్లు.

తర్వాత ప్రింట్లు వందల్లో తీయడం మొదలైంది. 2010 దాటాక డిజిటల్ పూర్తిగా వచ్చి అసలు ప్రింటే లేకుండా పోయింది. ఒకే శుక్రవారం అన్ని ఊళ్లలోనూ విడుదల, రెండు వారాల్లో పని ఖతం. వినడానికి మన ఊరికి మేలే, మొదటి రోజే సినిమా. కానీ ఆ మొదటి వారానికి పెద్ద ఊరితో సమానంగా అడ్వాన్సు కట్టాలి, సినిమా పోతే పోయినట్టే. పాత సినిమా వేసుకుని నెట్టుకొచ్చే దారి మూసుకుపోయింది. దాని మీద డిజిటల్ కంపెనీల ఛార్జీలు, వీటి మీదే 2018 మార్చిలో నిర్మాతలు గొడవపడి సినిమాలు ఆపేశారు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హాళ్లు మూతపడ్డాయి. ఆ తర్వాత 2020లో కరోనా. మెయిన్ రోడ్డు మీద అర ఎకరం స్థలం గజం ధర చూసుకున్న ఓనరు, రోజుకి నలభై టికెట్లు తెగే హాలు ఎందుకు నడుపుతాడు? మీ నాన్నగారు చేసిన తప్పేమీ లేదు, ఆట నియమాలు మధ్యలో మారిపోయాయి.

చిన్న ఊళ్లో హాలు బతకదు అని మాత్రం అనను. సూళ్లూరుపేటలో 2019లో వంద అడుగుల వెడల్పు తెరతో హాలు కడితే మద్రాసు నుంచి కార్లేసుకుని వస్తున్నారు. కాకపోతే అది హైవే మీద.

ప్రశ్న: మూతపడిన హాలు ఆపరేటర్ రూములో మాకు తుప్పు పట్టిన రేకు డబ్బాలు మూడు దొరికాయి. లోపల ఫిల్ము ఉన్నట్టుంది. ఓనరు తీసుకెళ్లమన్నారు. బస్సులో ఇంటికి తెచ్చుకోవచ్చా?
— ఇద్దరు స్నేహితులు, అనకాపల్లి

జవాబు: ఆగండి, బస్సులో వద్దు. ముందు మందుగుండు కొట్టు గురించి రాసింది మళ్లీ ఒకసారి చదవండి. 1950ల తర్వాతి ఫిల్ము చాలావరకు ఎసిటేటుది, అది పాడైతే వెనిగర్ వాసన ముక్కు బద్దలు కొడుతుంది. ఆరోగ్యానికి అంత మంచిది కాదు గాని పేలదు. వెనిగర్ వాసన కాకుండా వేరే ఘాటు ఉండి, ఫిల్ము అంటుకుపోయి తేనెలా జిగురు కారుతున్నా, గోధుమరంగు పొడి రాలుతున్నా అది నైట్రేటు కావచ్చు. దాన్ని ఎండలో పెట్టకూడదు, గట్టిగా పీకి విప్పకూడదు, 'ఒక్క ముక్క కాల్చి చూద్దాం' అని ఎవడైనా అంటే వాణ్ని ముందు బయటికి పంపండి. తలుపూ కిటికీలూ తెరిచి, డబ్బాల మీద ఏం రాసి ఉందో ఫోటో తీసుకుని, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేయండి. పుణెలో 1964 నుంచి ఉన్న జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్లకి ఆ ఫోటోలు పంపి అడగండి, ఎలా తరలించాలో వాళ్లకి తెలుసు. మన మూకీలు దాదాపు అన్నీ పోయాయి, పాత టాకీలూ చాలా పోయాయి, కాబట్టి డబ్బా మీద అక్షరాలు చెరిగిపోయినా తుడవకండి, ఉన్నదున్నట్టు ఫోటో తీయండి. నాకూ ఒక కాపీ పంపండి. ఆ గదిలోకి వెళ్లేటప్పుడు మాత్రం జేబులో అగ్గిపెట్టె కిందే ఎవరికైనా ఇచ్చి వెళ్లండి.